వాంతులు చేసుకుంటున్న పిల్లలకు ఓఆర్‌ఎస్ ఎలా పట్టాలి?

ఓఆర్‌ఎస్ ప్యాకెట్, లీటరు వాటర్ బాటిల్, మూత ఉన్న స్టీలు గిన్నె, టీ స్పూను ఉంటే చాలు. పాలసీసా మాత్రం వద్దు. ఎంత కడిగినా పీకలో మురికి మిగులుతుంది.

చేతులు సబ్బుతో కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలిచి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. 200 మి.లీ. చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, వెనకవైపు చదవండి. గ్లాసుకు ఇంత అని అందాజుగా వేయకండి. చిక్కగా కలిపితే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. పంచదార కలపొద్దు, మళ్లీ కాచొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి.

అసలు చిక్కంతా తాగించే దగ్గరే. దాహంతో ఉన్న పిల్ల గ్లాసు అందుకుని గటగటా తాగేస్తుంది, రెండు నిమిషాల్లో కక్కేస్తుంది. "మా పిల్లకు ఓఆర్‌ఎస్ పడదమ్మా" అని తల్లి ఆపేస్తుంది. పడకపోవడం కాదు, అది తొందరగా పట్టడం వల్ల వచ్చిన వాంతి.

పిల్లను తల ఎత్తుగా ఉండేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. నిమిషానికి ఒక స్పూను, అంతే. ఏడ్చినా గ్లాసు ఇవ్వకండి. స్పూనుకు 5 మి.లీ. లెక్కన గంటకు 300 మి.లీ. లోపలికి వెళ్తుంది. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, ఈసారి రెండు మూడు నిమిషాలకో స్పూను పట్టండి. కక్కినా కొంత లోపలే ఉంటుంది, మానేయొద్దు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు వాళ్లకు 50 నుంచి 100 మి.లీ., పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మి.లీ. పట్టాలి. తల్లిపాలు ఆపనే ఆపొద్దు.

ఈ ఓపిక లేకే "ఒక సెలైన్ ఎక్కించేయండి బాబూ" అంటారు. తాగగలిగే పిల్లకు సూది దేనికి? ఓఆర్‌ఎస్‌లోని గ్లూకోజ్ పేగులో సోడియాన్ని వెంట తీసుకెళ్తుంది, దాని వెనకే నీరు వెళ్తుంది. అందుకే వట్టి నీళ్లకంటే ఇది మేలు. విరేచనాల్లో బైకార్బొనేట్ అనే క్షారం పోయి ఒంట్లో ఆమ్లం పెరిగితే, ప్యాకెట్లోని సిట్రేట్ దాన్ని సరిచేస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో పెరట్లోనే కొబ్బరి చెట్లు కాబట్టి బొండాం నీళ్లే ఓఆర్‌ఎస్ అనుకుంటారు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఇంట్లో కిడ్నీ జబ్బున్న తాతకు విరేచనాలైతే అవి అసలు ఇవ్వొద్దు. పొటాషియం బయటికి పోక గుండె లయ తప్పుతుంది. ఆయనకు ఓఆర్‌ఎస్ కూడా డాక్టర్ని అడిగాకే.

పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదలండి. రెండు సెకన్లు దాటినా మడత అలాగే ఉన్నా, పిల్ల మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, లోతుగా ఆయాసపడుతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా 108కి ఫోన్ చేయండి. అప్పుడు సెలైన్ అవసరం కావచ్చు. దారిలో మింగగలిగితే స్పూనుతో పడుతూనే ఉండండి.

వాంతులు తగ్గాక గంజి, పప్పన్నం, చోడి (రాగి) అంబలి మామూలుగా పెట్టండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు వేయాలి. విరేచనాలు మూడో రోజే ఆగినా మాత్రలు ఆపకూడదు.