అరవై దాటినోళ్ళు బరువులు మొదలెట్టే ముందు, అదీ ఎండాకాలం ముంగిట, చూసుకోవాల్సినవి

శివరాత్రి వెళ్ళిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధ పెడతాది, సరిగ్గా ఇదే టైములో చాలామంది పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి అమ్మకీ నాన్నకీ డంబెల్స్ కొనిచ్చి "రేపట్నుంచి చెయ్యండి, మతిమరుపు తగ్గుద్దంట" అంటున్నారు. మంచి పనే, నేనూ చెయ్యమనే చెప్తాను. కానీ పెద్ద వయసులో మొదటి నెలన్నరే జాగ్రత్తగా ఉండాల్సిన టైము, అందులో ఎండ కూడా తోడైతే ఇంకొంచెం చూసుకోవాలి, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు అసలు ఎందుకు చెయ్యాలో తెలిస్తే సగంలో మానరు. 2000లో సిడ్నీలో మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి రెండు రకాల ఎత్తుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ మెడల్ తెచ్చింది కదా, అదే సిడ్నీలో తర్వాత కొన్నేళ్ళకి యూనివర్సిటీ వాళ్ళు జ్ఞాపకశక్తి కొంచెం తగ్గడం మొదలైన 55 ఏళ్ళు దాటిన 100 మందిని తీసుకుని, వాళ్ళలో కొందరి చేత ఆరు నెలలు బరువుల ఎక్సర్‌సైజులు చేయించారు, మెల్లమెల్లగా బరువు పెంచుకుంటూ వాళ్ళ పూర్తి శక్తిలో 80 శాతం దాకా తీసుకెళ్ళారు. వాళ్ళ ఆలోచన, జ్ఞాపకం టెస్టుల్లో మెరుగు కనబడింది, బలం ఎక్కువ పెరిగినోళ్ళకి ఆ మెరుగూ ఎక్కువే. కెనడాలో వాంకూవర్‌లో 65 నుంచి 75 ఏళ్ళ ఆడవాళ్ళ మీద చేసిన స్టడీ 2010లో వచ్చింది, అందులో ఏడాది పాటు వారానికి ఒకసారో రెండుసార్లో బరువులు చేసినోళ్ళకి మనసు ఒకదాని మీద నిలపడం బాగుపడింది. అలాగని అల్జీమర్స్ నయమైపోద్దని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, అది నిజం కాదు.

"జీవితమంతా పొలంలో ఒళ్ళు హూనమయ్యేలా పని చేసేం, ఇంకా ఎక్సర్‌సైజ్ ఏటి?" అని అడిగే పెద్దోళ్ళుంటారు. ఆ కష్టం గొప్పదే. కానీ పని మానేసిన తర్వాత కండ ఆగకుండా కరిగిపోద్ది, పాత కష్టం దాన్ని ఆపదు. ఒక్క నడకతో కూడా తొడల బలం సరిగ్గా నిలవదు, వాకింగ్ మానొద్దు, దాంతో పాటు వారంలో రెండ్రోజులు బరువులు కూడా పెట్టుకోండి.

మొదలెట్టే ముందు డాక్టర్ దగ్గరికి ఒక్కసారి వెళ్ళాలి, ఈ ఒక్క విషయంలో బద్ధకించొద్దు. బీపీ కూర్చుని ఉండగా 180 బై 110 దాటుతుంటే ముందు అది కంట్రోల్లోకి రావాలి, తర్వాతే బరువులు. గుండెకి స్టెంట్ వేసినా, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినా, ఆయాసం కొత్తగా వచ్చినా కార్డియాలజిస్టు సరే అనాలి. గజ్జల్లో ఉబ్బు ఉంటే, అంటే హెర్నియా ఉంటే, దాచుకోకుండా చెప్పాలి, మన పెద్దోళ్ళు సిగ్గుపడి ఇది మాత్రం ఎవరికీ చెప్పరు. కంట్లో శుక్లాల ఆపరేషన్ ఈ మధ్యే అయినోళ్ళు డాక్టర్ చెప్పేదాకా బరువు ముట్టుకోకూడదు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నోళ్ళకి ముక్కి బరువెత్తితే లోపల రక్తం చిమ్మే ప్రమాదం ఉంది, కంటి డాక్టర్‌ని అడగండి. ఎముకలు గుల్లబారినోళ్ళు నడుం వంచి బరువు తియ్యడం, నడుం మెలితిప్పడం, పడుకుని లేచే సిట్-అప్స్, ఈ మూడూ మానెయ్యాలి, వెన్నుపూస నొక్కుకుపోద్ది. ఇంకోటి, మతిమరుపు కోసమే ఇదంతా మొదలెడుతుంటే ముందు బి12, థైరాయిడ్ టెస్ట్ చేయించండి, ఆ రెండిటి వల్ల కూడా మరుపొస్తాది, అది మందుతో సర్దుకునేదైతే ఏళ్ళ తరబడి ఎందుకు బాధపడాలి.

ఇప్పుడు ఉద్దానం వాళ్ళకి, అంటే మన శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న వైపు వాళ్ళకి, ప్రత్యేకంగా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ఈ మండలాల వాళ్ళు, అక్కణ్ణుంచి వచ్చి ఎక్కడ స్థిరపడినోళ్ళైనా, క్రియాటినిన్ టెస్ట్, అంటే కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే రక్త పరీక్ష, చేయించకుండా మొదలెట్టొద్దు, ఎందుకంటే కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ బాధా చూపించకుండానే ముదురుద్ది. రిపోర్టులో తేడా ఉందంటే ఎక్సర్‌సైజ్ మానెయ్యాలని కాదు, డాక్టర్ చెప్పిన మోతాదులో చెయ్యొచ్చు. కానీ జిమ్‌లో ఎవరో చెప్పేరని ప్రోటీన్ పౌడరు, కండ కోసమని అమ్మే క్రియాటిన్ పొడి డబ్బాలు మాత్రం ఇంట్లోకి తేవొద్దు. ఒళ్ళు నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీ మీద నేరుగా దెబ్బ కొడతాయి, చెమట పోసి ఒంట్లో నీళ్ళు తగ్గిన రోజున వేసుకుంటే మరీ ఎక్కువ. కొబ్బరి నీళ్ళు కూడా అంతే, తోటలో కాయలున్నాయి కదా అని కిడ్నీ పేషెంట్‌కి రోజూ బొండం కొట్టిస్తే పొటాషియం పెరిగి గుండె లయ తప్పుద్ది. ఈ నాలుగు మాటలూ అక్కడున్న మీ చుట్టాలకి ఫోన్ చేసి మరీ చెప్పండి, అడక్కపోయినా చెప్పండి.

కిడ్నీలు బాగున్నోళ్ళకైతే తిండి పెంచాలి. 60 కిలోల మనిషికి రోజుకి 60 నుంచి 70 గ్రాముల ప్రోటీన్ పడాలి, ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాది, కాబట్టి పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం చారన్నంతో సరిపెట్టుకుంటే కండ పట్టదు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, ఉలవలు మూడు పూటలకీ పంచుకోండి. ఎండు చేపలో ఉప్పెక్కువ, బీపీ వాళ్ళు తగ్గించుకోవాలి.

ఎండ సంగతి. వయసు పెరిగితే దాహం సరిగ్గా తెలియదు, చెమట కూడా తక్కువ పడతాది, సముద్రం పక్కన ఉక్కలో ఆ పట్టిన చెమటా ఆరదు, ఒంట్లో వేడి ఒంట్లోనే ఉండిపోద్ది. పొద్దున్న ఏడు లోపు ముగించెయ్యండి. సాయంత్రం చల్లగా ఉంటాదనుకుంటారు గానీ రేకులిల్లు, పైన శ్లాబు ఎండకి కాగిన ఇల్లు రాత్రి ఎనిమిదైనా కొలిమిలానే ఉంటాది, అలాంటి ఇంట్లో సాయంత్రం వద్దు, అరుగు మీదో వీధి గదిలోనో ఫ్యాన్ కింద చెయ్యండి. బీపీకి నీళ్ళు పోయే మాత్ర వేసుకునేవాళ్ళకి వేసవిలో లేవగానే కళ్ళు తిరుగుతాయి, మోతాదు సంగతి డాక్టర్‌ని అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ మాత్ర గానీ వాడేవాళ్ళు పరగడుపున అస్సలు చెయ్యొద్దు, షుగర్ 100 కంటే తక్కువుంటే ఏదైనా తినే మొదలెట్టాలి, జేబులో చిన్న బెల్లం ముక్క ఉండాలి. వడగాలుల హెచ్చరిక వచ్చిన రోజు సెలవు, ఒక్కరోజుకి ఏమీ కాదు.

ఇంట్లో వస్తువులతో చేసేవాళ్ళు ముందు కుర్చీ చూసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారిపోద్ది, దాన్ని గోడకి ఆనించాకే కూర్చుని లేవడం మొదలెట్టాలి. తడి నేల, అరిగిన హవాయి చెప్పులు, కాళ్ళకి అడ్డం పడే లుంగీ, చీర కుచ్చిళ్ళు, పడిపోవడానికి ఇవే ముఖ్యమైన కారణాలు. కిటికీ గ్రిల్ పట్టుకుని మడమలు లేపడం, గోడని రెండు చేతుల్తో తోయడం, లీటరు నీళ్ళ సీసా ఎత్తడం, అది సరిగ్గా కిలో, ఇవి చాలు మొదటి రెండు వారాలకి. నీళ్ళ బిందెలు, ధాన్యం బస్తాలు, గ్యాస్ బండలు జోలికెళ్ళొద్దు, నిండు బండలో గ్యాసే 14.2 కిలోలు, డబ్బా బరువు కలిపితే ముప్పై దగ్గరికొస్తాది.

ఊపిరి బిగబట్టొద్దు, ఇది చాలా ముఖ్యం. బిగబట్టి ముక్కితే బీపీ ఒక్కసారిగా ఎగిసిపోద్ది. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి అని చెప్తే పెద్దోళ్ళు గందరగోళపడతారు, దానికన్నా "అమ్మా, ఒకటీ రెండూ అని గట్టిగా లెక్కెట్టమ్మా" అనండి, గట్టిగా లెక్కపెట్టే మనిషి ఊపిరి బిగబట్టలేరు.

పదిసార్లు ఎత్తాక ఇంకో రెండు మూడు ఎత్తగలను అనిపించేంత బరువు మంచిది. మరీ తేలిగ్గా ఏళ్ళ తరబడి అదే సీసా ఎత్తుతుంటే బలం రాదు, ఆ మెదడు లాభం కూడా రాదు, కాబట్టి రెండు మూడు వారాలకోసారి కొంచెం పెంచాలి, ఒకేసారి రెట్టింపు చెయ్యొద్దు. ఒకే కండకి మధ్యలో ఒకరోజు రెస్ట్ ఇవ్వాలి. మర్నాడు కండ పట్టేసినట్టుంటే మామూలే, రెండు మూడు రోజుల్లో పోద్ది. కీలు లోపల పోటు పెట్టినా, వాచినా, రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా అది మామూలు నొప్పి కాదు.

మరుపు ఇప్పటికే ఉన్నోళ్ళని బరువులతో ఒంటరిగా వదలొద్దు. చేసే ప్రతిసారీ అదే టైము, అదే కుర్చీ, అదే వరస ఉంచండి, కేలెండర్ మీద టిక్ వాళ్ళ చేతే పెట్టించండి. విసుక్కోవద్దు, చేసింది మర్చిపోయి మళ్ళీ చెయ్యబోతే మెల్లగా మళ్ళించండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో తికమకగా మాట్లాడితే, మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది వయసు మరుపు కాదు, వేసవిలో సోడియం పడిపోయినా, యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినా అలా అవుద్ది, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి.

ఛాతీ బరువెక్కడం, నొప్పి దవడకో ఎడం చేతికో పాకడం, చల్లటి చెమట, మూతి ఒంకర, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి లేవకపోవడం, వీటిలో ఏది కనబడినా గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి. ఎక్సర్‌సైజ్ తర్వాత ఒంటేలు ఎర్రగానో టీ డికాక్షన్ రంగులోనో వచ్చినా ఆ రోజే చూపించాలి, కండ చితికి కిడ్నీకి అడ్డం పడుతోందేమో చూస్తారు.

జ్వరం వల్లో, పెళ్ళిళ్ళకి ఊరెళ్ళడం వల్లో రెండు మూడు వారాలు ఆగిపోతే ఆపిన బరువు దగ్గర మొదలెట్టొద్దు, సగానికి తగ్గించి మొదలెట్టి రెండు మూడు వారాల్లో మళ్ళీ అక్కడికి చేరండి.