పోర్టా ప్రో హెడ్‌ఫోన్స్‌కి స్పాంజి మార్చి, సరిగ్గా పెట్టుకోవడం ఎలా?

చెవి దగ్గర నల్లటి పొడి రాలుతోందంటే హెడ్‌ఫోన్స్ పోయాయని కాదు, స్పాంజి అయిపోయిందని. అమెరికాలోని మిల్వాకీకి చెందిన కాస్ కంపెనీ 1984లో తెచ్చిన ఈ పోర్టా ప్రో ఇప్పటికీ దాదాపు అదే రూపంలో అమ్ముతున్నారు. సన్నటి మెటల్ బ్యాండు, రెండు వైపులా స్పాంజి బిళ్ళలు, అంతే సంగతి. మన చెమటకి, ఎండకి ముందు పోయేది ఆ స్పాంజే.

1. పాత స్పాంజిని అంచు పట్టుకుని మెల్లగా లాగేయండి. మిగిలిన పొడిని పొడి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ వద్దు, లోపల స్పీకర్ ఉంది.

2. 50 మి.మీ. సైజు స్పాంజిలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. స్పాంజి వెనక చిన్న జేబులాంటి అంచు ఉంటుంది. దాన్ని కప్పుకి (స్పీకర్ ఉన్న గుండ్రటి భాగానికి) ఒకవైపు తగిలించి, అక్కడ ఒక బొటనవేలితో నొక్కిపట్టి, రెండో చేత్తో దిండు గలీబు తొడిగినట్టు చుట్టూ లాగుతూ రండి. చివరి పావువంతు దగ్గరే తంటా, అక్కడ గోరుతో లాగితే చిరుగుతుంది, వేలి కొసతోనే లాగాలి. మొదటిసారి నేను ఒకటి చింపాకే ఈ సంగతి తెలిసింది.

3. చెవులకి పైన, కణతల దగ్గర చిన్న మెత్తలున్నాయి కదా, వాటి మీద ఒక స్విచ్ ఉంటుంది. 'ఫర్మ్' వైపు జరిపితే స్పాంజి చెవికి గట్టిగా ఆనుతుంది, బేస్ బాగా వినిపిస్తుంది. 'లైట్' వైపు జరిపితే బరువు కణతల మీదికి పోతుంది, గంటల తరబడి వినేవాళ్లకి అదే హాయి. చాలామంది ఈ స్విచ్ ఉందనే గమనించరు!

4. జుట్టు పొడుగ్గా ఉంటే, బ్యాండు సైజు తలమీద ఉండగా మార్చకండి, జుట్టు ఇరుక్కుంటుంది. తీసి సర్దుకుని పెట్టుకోండి.

5. ఫోన్‌కి 3.5 మి.మీ. జాక్ లేకపోతే టైప్-సి కన్వర్టర్ ఒకటి కొనుక్కోవాలి. వీటి ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే కొలత, 60 ఓమ్సే కాబట్టి మామూలు ఫోన్ కూడా బాగానే నడుపుతుంది.

6. సంచిలో వేసుకునేటప్పుడు బ్యాండుని పూర్తిగా కుదించి, కప్పులు లోపలికి మడిచి, ఒక చివర ఉన్న కొక్కేన్ని రెండో వైపు తగిలించండి. వైరుని మాత్రం బిగించి చుట్టకండి, జాక్ దగ్గరే తెగుతుంది.

అన్నట్టు, ఇవి ఓపెన్ టైపు, మీ పాట పక్కవాళ్లకీ వినిపిస్తుంది. బస్సులో అయితే వాల్యూమ్ తగ్గించండి.