జిమ్ అయ్యాక షేక్‌లో ఏం వేస్కోవాలి? ప్రోటీన్ పౌడర్ డబ్బా లేకపోయినా పర్లేదు

జిమ్ నుంచి బయటికొచ్చి జ్యూస్ సెంటర్‌లో బనానా మిల్క్‌షేక్ తాగేసి, హమ్మయ్య ప్రోటీన్ పడిపోయింది అనుకునేవాళ్ళు బోల్డంతమంది. అందులో పాలు తక్కువ, ఐసూ పంచదారా ఎక్కువ. కండ పట్టాలంటే ఒక్క పూటకి 20 నుంచి 30 గ్రాముల ప్రోటీన్ పడాలి, అందుకే రుచి సంగతి తర్వాత, ముందు గ్రాముల లెక్క చూస్కోండి.

మొదట పొడి చేస్కోవాలి. పుట్నాల పప్పు మిక్సీలో మెత్తగా పట్టండి, ఎందుకంటే పాలల్లో డైరెక్ట్‌గా వేసి తిప్పితే పలుకులు పలుకులుగా గొంతుకి తగుల్తాయి. తర్వాత వేయించి పొట్టు తీసిన పల్లీలు అందులోనే వేసి ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి గిర్రున తిప్పారా నూనె వదిలి మిక్సీ జార్ అడుగున ముద్ద కట్టేస్తది. ఈ పొడి సీసాలో వారానికి సరిపడా పెట్టుకోవచ్చు. పచ్చి శనగపప్పు మాత్రం వద్దు, కడుపు ఉబ్బరమే.

ఇప్పుడు షేక్. కాచి చల్లార్చిన పాలు 300 మి.లీ. ముందు పోయండి, పొడి ముందేస్తే అడుగున అంటుకుపోద్ది. అందులో మూడు పెద్ద స్పూన్లు, అంటే ఓ 25 గ్రాముల స్కిమ్డ్ మిల్క్ పౌడర్ (వెన్న తీసిన పాలపొడి) వేయండి. అసలు బలం దీంట్లోనే ఉంది, 100 గ్రాములకి 35 గ్రాముల దాకా ప్రోటీన్, పైగా డబ్బాల్లో అమ్మే వే ప్రోటీన్ (పాల విరుగు నీళ్ళ నుంచి తీసే ప్రోటీన్ పొడి) కంటే చాలా చవక. టీలో వేసే డైరీ వైటెనర్ తెచ్చేరు జాగ్రత్త, చాలావాటిల్లో పంచదార కలిపేసి ఉంటది. ఆ తర్వాత మన పొడి 40 గ్రాములు, ఒక అరటిపండు వేసి తిప్పేయండి. పాలకి 9, పౌడర్‌కి 9, పొడికి ఇంకో 9, మొత్తం 27 గ్రాముల దగ్గరికి వచ్చేస్తది. తీపి చాలకపోతే రెండు ఖర్జూరాలు.

వే ప్రోటీన్ ఉన్నోళ్ళకి ఇంత పని లేదు, ఒక స్కూప్, నీళ్ళో పాలో, ఒక అరటిపండు, అంతే. డబ్బా వెనక స్కూప్‌కి ఎన్ని గ్రాముల ప్రోటీనో చదవండి, 30 గ్రాముల స్కూప్‌లో 15 కూడా లేకపోతే మీరు కొన్నది ఎక్కువగా పిండీ పంచదారే. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్ళు ఐసోలేట్ (పాలల్లోని చక్కెర, లాక్టోజ్, దాదాపు తీసేసిన వే ప్రోటీన్) తీస్కోండి. వేడి పాలల్లో మాత్రం కలపొద్దు, ఉండలు కట్టేస్తది.

పచ్చి గుడ్లు కొట్టి తాగే అన్నలూ, ఆపేయండి! పచ్చి గుడ్డులో ప్రోటీన్ ఒంటికి పట్టేది సగమే, ఉడికిస్తే 90 శాతం దాకా పడుద్ది, సాల్మొనెల్లా (కడుపు పాడుచేసే బాక్టీరియా) భయం కూడా ఉండదు.

క్రియాటిన్ (కండల బలానికి వాడే సప్లిమెంట్ పొడి) వాడేవాళ్ళు రోజుకి 3 నుంచి 5 గ్రాములు ఇందులోనే కలిపేస్కోవచ్చు, టైమ్ ఏదైనా పర్లేదు, రోజూ మానకుండా వేస్కోవాలి. అలాగే వర్కవుట్ అయిన అరగంటలో తాగకపోతే అంతా వేస్ట్ అనే కంగారు అక్కర్లేదు, గంటా రెండు గంటల్లో తాగినా ఓకే, రోజు మొత్తం మీద కిలో బరువుకి 1.6 గ్రాముల చొప్పున పడిందా అన్నదే లెక్క, అంటే 60 కిలోల మనిషికి 96 గ్రాములు, మిగతాది పప్పు, గుడ్లు, చికెన్, పెరుగులోంచి రావాలి. కిడ్నీ ప్రాబ్లం ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇవేవీ మొదలుపెట్టకండి.