ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్ బాకీ కలెక్షన్‌కు వెళ్తే: అభ్యంతరం తెలిపే విధానం

అమెరికాలో చదువు ముగించుకుని డాలస్ (టెక్సస్) నుంచి ఉద్యోగం ఉన్న ఊరికి మారిపోతారు. కొన్నాళ్లకు పాత ఇంటి యజమాని తరఫున బాకీ వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీ తగులుకుంటుంది. కార్పెట్ మార్చామని, గోడలకు రంగు వేశామని, ఖాళీ చేసే ముందు నోటీసు సరిగా ఇవ్వలేదని చెప్పి, మొత్తం ఇంత బాకీ అంటుంది. ఉత్తరం పాత చిరునామాకే పోయి, క్రెడిట్ స్కోరు పడిపోయాకే సంగతి తెలిసేవాళ్లూ ఉన్నారు.

ఫోన్‌లో మాత్రం ఏదీ ఒప్పుకోకండి. "ముందు వంద డాలర్లు కట్టండి, మిగతాది చూద్దాం" అని మెత్తగా అడుగుతారు. కొంచెం కట్టినా, బాకీ నాదేనని రాసిచ్చినా చాలా రాష్ట్రాల్లో దావా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు రావచ్చు. టెక్సస్‌లో ఇలాంటి బాకీలపై దావాకు గడువు మామూలుగా 4 ఏళ్లు. గడువు దాటిన బాకీపై ఏజెన్సీ కోర్టుకు వెళ్లకూడదు, వెళ్తామని బెదిరించనూ కూడదు. బాకీ అడగడం మాత్రం మానదు, క్రెడిట్ రిపోర్టులో అది సుమారు 7 ఏళ్లు ఉండొచ్చు.

ఏజెన్సీ మొదటిసారి సంప్రదించిన 5 రోజుల్లోగా బాకీ వివరాలతో నోటీసు పంపాలి. 2021 నవంబరు 30 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అసలు ఎంత, వడ్డీ ఎంత, ఫీజులెంత అన్నది విడివిడిగా చూపాలి. మీరు అభ్యంతరం చెప్పడానికి ఆఖరు తేదీ కూడా అందులో ఉండాలి. ఆ తేదీ ముఖ్యం. నోటీసు అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, రుజువు పంపేదాకా ఏజెన్సీ వసూలు ఆపాల్సిందే. ఫోన్‌లో చెప్పిన అభ్యంతరానికి ఆ బలం లేదు.

ప్రభుత్వ నమూనాలో పంపిన నోటీసైతే అడుగున చింపి పంపే భాగం ఉంటుంది. ఈ బాకీ నాది కాదు, అడిగిన సొమ్ము లెక్క తప్పు, ఇతర కారణం అని గళ్లు ఉంటాయి. టిక్కు పెట్టి ఊరుకోకుండా వేరే కాగితం జతచేసి లీజు కాపీ, చార్జీల పట్టిక, మరమ్మతుల బిల్లులు, డిపాజిట్ ఎలా సర్దుబాటు చేశారో ఆ లెక్క అడగండి. నకలు దగ్గర పెట్టుకుని సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపండి. ఉత్తరం అందినట్టు సంతకమై తిరిగొచ్చే ఆకుపచ్చ రసీదు కార్డే రేపు మీకు సాక్ష్యం.

డిపాజిట్ లెక్క ఊరికే అడగమనడం లేదు. టెక్సస్ చట్టం ప్రకారం ఖాళీ చేసిన 30 రోజుల్లోపు యజమాని డిపాజిట్ తిరిగివ్వాలి, కోతలుంటే పట్టిక ఇవ్వాలి. కాలిఫోర్నియాలో 21 రోజులే. మామూలు వాడకంతో అరిగిన కార్పెట్‌కు డిపాజిట్‌లో కోయకూడదు. అయితే టెక్సస్‌లో మీ కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే: తాళాలు ఆఫీసులో పడేసి బండెక్కేస్తారు. ఖాళీ చేసిన రోజు తీసిన వీడియో ఉంటే వెతికిపెట్టుకోండి.

రూమ్మేట్ల గొడవ వేరు. లీజులో సాధారణంగా అందరూ కలిసీ, విడివిడిగానూ మొత్తానికి బాధ్యులని రాసి ఉంటుంది. నా వాటా నేనిచ్చేశానన్న వాదన ఏజెన్సీ దగ్గర నిలవదు. దాన్ని రూమ్మేట్ దగ్గరే తేల్చుకోవాలి.

క్రెడిట్ రిపోర్టులో ఎక్కితే, ఆ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్‌లలో ఏయే సంస్థ చూపిస్తోందో ఆ ఒక్కోదానికీ విడిగా డిస్‌ప్యూట్ (అభ్యంతరం) పెట్టాలి. మామూలుగా 30 రోజుల్లో విచారించాలి.

అప్పటికీ తేలకపోతే సీఎఫ్‌పీబీకి, అంటే ఆర్థిక సేవల వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థకు, దాని వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. డెట్ కలెక్షన్ విభాగం ఎంచుకుని, జరిగింది తేదీల వరుసలో క్లుప్తంగా రాసి, ఉత్తరాలు, రసీదు జతచేయాలి. ఏం పరిష్కారం కావాలో కూడా అడుగుతారు. అక్కడ కోపం వెళ్లగక్కకుండా "బాకీ రద్దు చేసి, రిపోర్టు నుంచి తీసేయాలి" అని సూటిగా రాయండి. కంపెనీలు సాధారణంగా 15 రోజుల్లో స్పందిస్తాయి, ఆఖరి జవాబుకు 60 రోజులదాకా పట్టొచ్చు. సీఎఫ్‌పీబీ మీ తరఫున కోర్టులో వాదించదు.

కోర్టు సమన్లు వస్తే మాత్రం ఈ ఉత్తరాలేవీ జవాబు కిందికి రావు. చిన్న మొత్తాల దావాలు చూసే టెక్సస్ జస్టిస్ కోర్టులో అయితే అందిన 14 రోజుల్లోపు జవాబు దాఖలు చేయాలి. గడువు దాటిన బాకీ అయినా ఆ సంగతి జవాబులో మీరే లేవనెత్తాలి. అసలు జవాబే దాఖలు చేయకపోతే తీర్పు ఏకపక్షంగా వచ్చేయొచ్చు.