స్పెయిన్‌లో సెలవు లెక్క: ముందు ఏ ఊరో చూడండి

సిరిమాను తిరిగే మంగళవారం విజయనగరంలో లోకల్ హాలిడే. అదే రోజు పక్క జిల్లాల వాళ్లకి మామూలు పనిరోజే. ఇది మనసులో పెట్టుకుంటే స్పెయిన్ సెలవుల పద్ధతి సగం అర్థమైనట్టే. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లే మన జిల్లాల పిల్లలు పొరబడేదీ ఇక్కడే. నెట్‌లో ‘స్పెయిన్ సెలవులు’ అని వెతికి, దొరికిన మొదటి జాబితాని నమ్మేస్తారు.

చట్టం ప్రకారం ఏడాదికి జీతంతో కూడిన పండగ సెలవులు 14కి మించవు. అందులో 2 ఊరివి. ఏ రోజులు కావాలో మున్సిపాలిటీ చెబుతుంది. మిగతావాటిలో కొన్ని దేశమంతటికీ, కొన్ని ఆ ప్రాంతానికి, అంటే మన రాష్ట్రంలాంటిదానికి. మాడ్రిడ్ నగరానికి మే 15, నవంబర్ 9. మే 2 మాడ్రిడ్ ప్రాంతం మొత్తానికి. బార్సిలోనాకి సెప్టెంబర్ 24 ఊరి పండగ, జూన్ 24, సెప్టెంబర్ 11, డిసెంబర్ 26 ఆ ఊరున్న కాటలోనియా ప్రాంతమంతటికీ. ఈస్టర్ దగ్గర మరీ తికమక. గుడ్ ఫ్రైడే అందరికీ ఉంది. దానికి ముందు గురువారం మాడ్రిడ్‌లో సెలవు, బార్సిలోనాలో కాదు. ఈస్టర్ తర్వాత సోమవారం సరిగ్గా తిరగబడుతుంది.

మీ సెలవులు తేల్చుకోవాలంటే ఆఫీసు ఏ మున్సిపాలిటీలో ఉందో చూడండి, ఇల్లు ఎక్కడన్నది కాదు. మాడ్రిడ్ పక్క ఊరు హెతాఫేలో అద్దెకుండి మాడ్రిడ్‌లో పనిచేస్తే మాడ్రిడ్ సెలవులే మీవి. పిల్లల బడి హెతాఫేలో ఉంటే వాళ్లకి వేరే రోజు. ఆ ఏడాది ‘కలెందారియో లబొరాల్’, అంటే పనిరోజుల, సెలవుల క్యాలెండర్, ఆఫీసులో కనబడేలా పెట్టి తీరాలి, అదే చూసుకోండి. పండగ ఆదివారం పడితే సోమవారానికి మార్చే వీలు ప్రాంతీయ ప్రభుత్వానికి ఉంది, కానీ ప్రతిసారీ మార్చరు. శనివారం పడితే మాత్రం సాధారణంగా సోమవారానికి మార్చరు.

సెలవుకి ముందురోజు సాయంత్రమే పాలు, కూరగాయలు తెచ్చుకోండి. మాడ్రిడ్‌లో చాలా షాపులు తెరిచే ఉంటాయి గానీ మిగతా చాలా ఊళ్లలో పెద్ద సూపర్ మార్కెట్లు షట్టర్ దించేస్తాయి. డిసెంబర్ 24, 31 సెలవులు కావు, అయినా సాయంత్రానికే కట్టేస్తారు. మందులు కావాలంటే మూసిన మందులషాపు తలుపు మీద అంటించిన కాగితం చూడండి. ఆ రోజు డ్యూటీలో ఉన్న షాపు, అంటే ‘ఫార్మాసియా దె గ్వార్దియా’, చిరునామా అందులో ఉంటుంది. బస్టాప్‌లో టైమింగులు సాధారణంగా మూడు వరసల్లో ఉంటాయి: ‘లబొరాబ్లెస్’ (పనిరోజులు), ‘సాబదోస్’ (శనివారాలు), ‘ఫెస్తీవోస్’ (ఆదివారాలు, పండగలు). పండగ బుధవారమైనా చూడాల్సింది మూడో వరసే. మొదటి వరస చూసి నిలబడితే బస్సు రాదు.

అసలు నష్టం కాగితాల దగ్గర. ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి ‘పది రోజుల్లో పత్రాలివ్వండి’ అని నోటీసొస్తే, అందిన మర్నాటి నుంచి పనిరోజులు మాత్రమే లెక్కపెట్టాలి. శని, ఆదివారాలు, సెలవులు తీసేయాలి. మీ ఊళ్లో సెలవై ఆఫీసున్న ఊళ్లో పనిరోజైనా, అటుదిటైనా, ఆ రోజు లెక్కలోకి రాదు. కానీ గడువు ‘నెల’ అని రాసుంటే తేదీ నుంచి తేదీకే. మధ్యలో ఎన్ని పండగలొచ్చినా కలిసిరాదు. ఆఖరి రోజు సెలవైతే మాత్రం తర్వాతి పనిరోజుకి జరుగుతుంది. ఈ తేడా తెలియక దరఖాస్తు పోగొట్టుకోవడం అన్యాయం.

ఇంటి నుంచి ఫీజు పంపేవాళ్లకి ఒక మాట. ఊరి పండగరోజు మాడ్రిడ్‌లో బ్రాంచి మూసినా యూరో చెల్లింపుల వ్యవస్థ నడుస్తూనే ఉంటుంది. అది ఆగేది శని, ఆదివారాలు కాక జనవరి 1, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం, మే 1, డిసెంబర్ 25, 26. ఇటు మన బ్యాంకు సెలవులు కూడా కలుపుకుని, ఫీజు గడువుకి వారం ముందే పంపేయండి.

పండగకీ వారాంతానికీ మధ్య మిగిలిన పనిరోజుకి లీవు పెట్టి కలిపేసుకోవడాన్ని అక్కడ ‘పుయెంతే’ అంటారు, వంతెన అని. డిసెంబర్ 6, 8 రెండూ సెలవులే. 6 మంగళవారం వచ్చిన ఏడాది సోమ, బుధ, శుక్రవారాలు మూడే లీవులు పెడితే వరసగా తొమ్మిది రోజులు చేతికొస్తాయి. రైలు టిక్కెట్లు మాత్రం అందరికంటే ముందే కొనుక్కోవాలి, మన సంక్రాంతి రైళ్లలాగే.