వలస చట్టం పనిచేసిందా లేదా? లెక్క చూసే పద్ధతి

గల్ఫ్‌లో రూలు మారితే జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో, అమెరికా వీసా రూలు మారితే హన్మకొండ అపార్ట్‌మెంట్లలో గంట తిరగకుండానే తీర్పు వచ్చేస్తుంది: మంచిగైందనో, అంతా ఆగమైందనో. తీర్పు చెప్పేముందు కాగితం, పెన్నూ తీసుకోండి.

మొదట, ఆ చట్టం ఏం సాధిస్తానని చెప్పిందో ఒక్క వాక్యంలో రాసుకోండి. మనకు లాభమా నష్టమా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే కాగితం. సౌదీ 2011లో నితాఖత్ అనే కోటా రూలు తెచ్చింది ప్రైవేటు కంపెనీల్లో సౌదీలకు కొలువులు పెంచడానికి. మనోళ్లు ఎందరు వాపసొచ్చారన్నది దానికి కొలత కాదు. పైగా 2014 తర్వాత చమురు ధర పడిపోయి కూడా చాలా పనులు పోయాయి. వాటిని నితాఖత్ ఖాతాలో రాయకూడదు. చూడాల్సింది సౌదీ ఉద్యోగుల వాటా. అందులోనూ నిజంగా పనిచేసేవాళ్లెందరు, కోటా కోసం పేరుకు జీతాల పట్టీకి ఎక్కించినవాళ్లెందరు అన్నది విడదీయాలి.

తర్వాత, దేన్ని లెక్కపెడుతున్నారో చూడండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. అమెరికాలో పనికి ఇచ్చే హెచ్‌1బీ వీసాకు 2023లో జరిగిన లాటరీకి అర్హమైన రిజిస్ట్రేషన్లు 7,58,994. మరుసటి ఏడాది 4,70,342. చూడగానే అమెరికా మోజు తగ్గినట్టుంది. మనుషుల్ని లెక్కపెడితే మొదటి ఏడాది సుమారు 4.46 లక్షలు, రెండో ఏడాది 4.42 లక్షలు, అంటే దాదాపు అంతే. తగ్గినవి ఒకే మనిషి పేరిట రెండుమూడు కన్సల్టెన్సీలు వేసినవి: 4,08,891 నుంచి 47,314కు. ఎన్ని దరఖాస్తులున్నా మనిషిని ఒక్కసారే లాటరీలో వేసే పద్ధతిని 2024లో తెచ్చింది ఈ దొడ్డిదారి మూయడానికే. మూసింది. ఒక్క దరఖాస్తే వేసినవాడికి అవకాశం కొంత పెరిగింది. ఏటా ఇచ్చే 85,000 కోటా మాత్రం అంతే ఉంది.

దారి మూస్తే జనం ఎటు పోయారన్నది కూడా చూడాలి. జర్మనీ 1973లో విదేశీ కూలీల నియామకం ఆపేసింది. ఒకసారి పోతే మళ్లీ రానివ్వరని చాలామంది అక్కడే ఉండిపోయి, పెళ్లాం పిల్లల్ని పిలిపించుకున్నారు. కొత్త కూలీల రాక ఆగింది గానీ, వలస వచ్చినవాళ్లు వెళ్లిపోతారన్న ఆశ తీరలేదు.

గల్ఫ్‌లో క్షమాభిక్ష (కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోయే గడువు) పెట్టినప్పుడు ఇందరు ఔట్‌పాస్ (ఇంటికి పోయే తాత్కాలిక ప్రయాణ పత్రం) తీసుకున్నారని పేపర్లో వస్తుంది. అది వెళ్లినవాళ్ల లెక్కే. కువైట్ 2018లో, 2020లో, మళ్లీ 2024లో క్షమాభిక్ష పెట్టింది. ఇన్నిసార్లు అవసరపడిందంటే జనం ఖల్లివెల్లి (కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్లు) అయ్యే కారణాలు అట్లనే ఉన్నాయన్నమాట: కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర పాస్‌పోర్టు, ఆగిన జీతం, అకామా (అక్కడ ఉండే అనుమతి) రెన్యువల్ చేయని కంపెనీ, ఏ పనీ చూపించని ఆజాద్ వీసా.

చట్టంలో ఉన్నది చేతికి అందిందా? ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు. తిండి పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 అదనం. దీన్ని పరీక్షించాలంటే జీతం స్లిప్పూ, బ్యాంకు మెసేజూ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. బేసిక్ 1,000 చూపించి ఓవర్‌టైం కోశారా? తిండి పైసలు బేసిక్‌లోనే కలిపేశారా? పనికి పోయినవాడు ఏజెంటుకు ఎంత కట్టాడో కూడా అడగండి. మన నిబంధన ప్రకారం ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెచ్చి కడితే, నెలకు మిత్తే 4,500. పెరిగిన జీతంలోంచి అది తీసేశాకే లాభం సంగతి.

ఏ లెక్కకైనా 2020ని మొదటి ఏడాదిగా పెట్టుకోకండి. కరోనా ఏడాదితో పోలిస్తే అన్నీ పెరిగినట్టే కనిపిస్తాయి.

మన సర్కారు లెక్కకూ ఓ చిల్లుంది. ఈమైగ్రేట్‌లో (విదేశాలకు పనికి పోయేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్) క్లియరెన్స్ పడేది ఎక్కువగా ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి పోయేముందు సర్కారు అనుమతి తీసుకోవాల్సినది) మీద పోయేవాళ్లకే. పది పాసై ఈసీఆర్ లేని పాస్‌పోర్టు తీసుకున్నవాడికి అది అక్కర్లేదు. విజిట్ వీసా మీద దుబాయ్ పోయి అక్కడే పనిలో కుదిరినవాడూ అందులో కనిపించడు. క్లియరెన్సులు తగ్గాయి కాబట్టి గల్ఫ్‌కు పోవడం తగ్గిందని ఎవరైనా అంటే, ఏ వీసా మీద పోయినవాళ్లను లెక్కపెట్టారో ముందు అడగండి.