డెడికేటెడ్ ఐపీ కొనాలా? డబ్బు కట్టే ముందు ఇలా చూసుకోండి

హోస్టింగ్ కొనేటప్పుడు చివర్లో డెడికేటెడ్ ఐపీ (మీ సైట్‌కి మాత్రమే ఇచ్చే సొంత నెట్ అడ్రస్ నంబర్) కావాలా అని అడుగుతారు. వెంటనే టిక్ పెట్టేయకండి, చాలా సైట్లకు దాని అవసరమే ఉండదు.

షేర్డ్ ఐపీలో ఒకే అడ్రస్ మీద వందల సైట్లు నడుస్తాయి. బ్రౌజర్ ప్రతిసారీ సైట్ పేరు కూడా పంపుతుంది కాబట్టి ఏ పేజీ ఇవ్వాలో సర్వర్‌కి తెలుస్తుంది. ఒకప్పుడు ఎస్ఎస్ఎల్ (సైట్‌కి https భద్రత ఇచ్చేది) కోసం సొంత ఐపీ తప్పనిసరి. 2003లో ఆ సురక్షిత కనెక్షన్ మొదలయ్యేటప్పుడే సైట్ పేరు చెప్పే ఎస్ఎన్ఐ ప్రమాణం వచ్చినా, విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అది పనిచేయక ఆ ఇబ్బంది చాన్నాళ్లు సాగింది. ఇప్పుడా సమస్య లేదు. గూగుల్ ర్యాంక్ కోసమైతే అసలే కొనకండి.

అసలు ఇబ్బంది మెయిల్‌తో. పక్క సైటువాడు స్పామ్ పంపితే ఆ మరక మీ మెయిల్స్‌కీ అంటుతుంది. మీ సైట్‌లోని కాంటాక్ట్ ఫారం నుంచి మీ జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపి, దాన్ని తెరిచి, మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" నొక్కండి. ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ ఐపీలకుందో చెప్పే రికార్డ్) అనే వరసలో పాస్ అనో ఫెయిల్ అనో ఉండి, పక్కనే ఒక ఐపీ కనిపిస్తుంది. మెయిల్ నిజంగా బయటికి వెళ్లింది దాని నుంచే, అది సైట్ ఐపీ కాకపోవచ్చు కూడా. ఆ నంబర్‌ని, స్పామ్ పంపే ఐపీల బ్లాక్‌లిస్ట్ నడిపే స్పామ్‌హౌస్ సైట్‌లో వెతకండి. బ్లాక్‌లిస్ట్‌లో ఉంటే ముందు హోస్టింగ్ వాళ్లకి టికెట్ పెట్టండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. రోజుకి పది మెయిల్స్ పంపేవాళ్లకి సొంత ఐపీ కన్నా మంచి ఎస్ఎమ్‌టీపీ సర్వీసే (మీ తరఫున మెయిల్స్ పంపిపెట్టేది) మేలు, ఎందుకంటే కొత్త ఐపీకి ఇంకా మంచి పేరంటూ ఏమీ ఉండదు, అంత తక్కువ మెయిల్స్‌తో అది రావడమూ కష్టమే.

మరి ఎప్పుడు కొనాలి? మీ సర్వర్ నుంచి వచ్చే రిక్వెస్టుల కోసం ఏ బ్యాంకో పేమెంట్ గేట్‌వేనో ఫిక్స్‌డ్ ఐపీ అడిగితే, లేదా మెయిల్స్ రోజూ వేలల్లో వెళ్తుంటే కొనండి.

మార్చేటప్పుడు ఒకరోజు ముందే డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు ఏ ఐపీకి వెళ్లాలో చెప్పే చోట) టీటీఎల్‌ని, అంటే పాత సమాచారాన్ని మిగతావాళ్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెని, 300 సెకన్లకి తగ్గించండి. కొత్త ఐపీ వచ్చాక మీ కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో (ఏ సైట్ ఏ ఐపీలో ఉందో మీ కంప్యూటర్‌కి మాత్రమే చెప్పే ఫైల్) మీ డొమైన్ పక్కన దాన్ని రాసి సైట్ తెరుచుకుంటోందో లేదో చూసి, ఆ లైన్ తీసేసి, అప్పుడే డీఎన్ఎస్‌లో ఎ రికార్డ్ (డొమైన్‌కి ఐపీని కలిపే వరస) మార్చండి. ఎస్‌పీఎఫ్ రికార్డ్‌లో కొత్త నంబర్ చేర్చడం చాలామంది మర్చిపోతారు, మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయని ఆ తర్వాత టెన్షన్ పడతారు. రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి దాని పేరు చెప్పే రికార్డ్) మాత్రం మీ డొమైన్ ప్యానెల్లో ఉండదు, ఐపీ ఇచ్చిన హోస్టింగ్ వాళ్లనే పెట్టమని అడగాలి. పాత ఐపీని రెండు రోజులు అలాగే ఉంచమనండి.